గోవా పల్లెలకు ఆరు రోజులు: నెల్లూరు, ఒంగోలు వైపు నుంచి ప్రయాణం ఎలా సిద్ధం చేసుకోవాలి

మైపాడు, తుమ్మలపెంట, రామాయపట్నం, కొత్తపట్నం తీరాలు గంట ప్రయాణంలో ఉన్న మనకు, ఇసుకా అలలూ చూడటానికి రాష్ట్రాలు దాటి గోవా వెళ్ళవలసిన అవసరం లేదు. అయినా మన వైపు నుంచి గోవాకు వెళ్ళేవారిలో ఎక్కువమంది ఉత్తర గోవా తీరంలో ఒక గది తీసుకుని, మూడు రోజులు ఆ రద్దీలోనే తిరిగి, డబ్బు మాత్రం బాగా ఖర్చయిందని చెబుతూ తిరిగి వస్తున్నారు. గోవా విస్తీర్ణం 3,702 చదరపు కిలోమీటర్లు. విభజనకు ముందున్న మన నెల్లూరు జిల్లా 13,076 చదరపు కిలోమీటర్లు కనుక, ఆ రాష్ట్రం మొత్తం మన పాత జిల్లాలో మూడో వంతు కూడా ఉండదు. అంత చిన్న చోట వరి పొలం, ఉప్పుటేరు, కొబ్బరితోట, జీడితోట, కొండ అడవి అన్నీ ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి. వరి పండించే ఇళ్ళ నుంచీ, రొయ్యల గుంటలున్న ఇళ్ళ నుంచీ వెళ్ళేవారికి ఆ పల్లెలలో తెలిసినవీ తెలియనివీ కలిసి కనిపిస్తాయి. ఈ ప్రయాణాన్ని పల్లెల చుట్టూ ఎలా అల్లుకోవాలో వరుసగా చెబుతాను.

మొదట తేల్చుకోవలసింది ఏ నెలలో వెళ్ళాలన్నది. మన వానలు ప్రధానంగా అక్టోబరు నుంచి డిసెంబరు వరకు వచ్చే ఈశాన్య రుతుపవనాలవి. గోవా వానలు జూన్ నుంచి సెప్టెంబరు వరకు ఉండే నైరుతి రుతుపవనాలవి. నెల్లూరులో ఏడాది మొత్తం కలిపి సుమారు 1,000 మిల్లీమీటర్ల వాన పడితే, గోవాలో ఆ నాలుగు నెలలలోనే దాదాపు 3,000 మిల్లీమీటర్లు పడుతుంది. ఆషాఢంలో మన పొలాలు బీడుగా పడి ఉండి, వడగాలి ఇంకా తగ్గని రోజులలో, అక్కడ నాట్లు సాగుతుంటాయి. పల్లె కోసం వెళ్ళేవారికి ఆగస్టు రెండో సగం నుంచి సెప్టెంబరు చివరి దాకా ఉన్న కాలం అన్నిటికంటే మంచిదని నా అభిప్రాయం: వాన తెరిపిలిస్తూ ఉంటుంది, వరి పొట్ట మీదా కంకి మీదా ఉంటుంది, ఆగస్టులో చర్చిలలో కొత్త వరికంకులకు దీవెన జరుగుతుంది, వినాయక చవితికి హిందువుల ఇళ్ళలో విగ్రహం పైన అడవి కాయలూ పళ్ళూ ఆకులూ కట్టిన ‘మాటోళి’ పందిరి కనిపిస్తుంది. మన పాలవెల్లికి అది దగ్గరి చుట్టమనిపిస్తుంది. ఆ నెలలలో సముద్రంలోకి దిగకూడదన్నది ఒక్కటే గుర్తుంచుకోవాలి.

సముద్ర స్నానం, పడవ విహారం కూడా కావాలనుకునేవారు నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు పెట్టుకోవచ్చు. అయితే నవంబరులో మన తీరానికి తుపానులు వస్తాయి. 2021 నవంబరులో పెన్నా వరదకు పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయి రైళ్ళు నిలిచిపోయిన సంగతి మనవారెవరూ మరచిపోలేదు కనుక, ఆ నెలలో వెళ్ళేవారు తిరుగు ప్రయాణానికి ఒకరోజు వెసులుబాటు ఉంచుకోవాలి. డిసెంబరు 20 నుంచి జనవరి మొదటి వారం వరకు మాత్రం వెళ్ళవద్దు. మేము మొదటిసారి సరిగ్గా ఆ రోజులలోనే వెళ్ళి, మామూలు గదికి మూడింతల అద్దె కట్టి, రోజులో సగం వాహనాల వరుసలలో గడిపి వచ్చాము. మార్చి, ఏప్రిల్ నెలలలో ఎండ ఉన్నా, జీడితోటలలో పళ్ళు కోసి రసం తీసే కాలం అదే. పులియబెట్టని ఆ తీయని రసాన్ని ‘నీరో’ అంటారు, పిల్లలు కూడా తాగవచ్చు. చేపల కోసం వెళ్ళేవారు ఇంకో సంగతి చూసుకోవాలి. మన తూర్పు తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు ఉంటే, పడమటి తీరంలో జూన్ 1 నుంచి జూలై 31 వరకు ఉంటుంది. జూలైలో వెళ్ళి సముద్రపు చేప తాజాగా దొరకలేదని నొచ్చుకోవడంలో అర్థం లేదు. అప్పుడు ఏటి చేపా, ఎండు రొయ్యలతో చేసే ‘కిస్మూర్’ తినాలి.

నెల తేలిన తరువాత, రైలు టికెట్ కంటే ముందు ఊరు తేల్చుకోండి. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. గోవాలో రెండు రకాల పల్లెలు ఉన్నాయి. తిస్వాడి, బార్దేజ్, సాల్‌సేట్ తాలూకాలు పదహారో శతాబ్దం నుంచీ పోర్చుగీసుల చేతిలో ఉన్నవి. అక్కడ తెల్లని చర్చీ, వరండాలున్న పెద్ద పెంకుటిళ్ళూ, ఇంటి ముందు శిలువా కనిపిస్తాయి. పోండా, కెపే, కాణకోణ వంటి తాలూకాలు పద్దెనిమిదో శతాబ్దంలో గానీ వారికి దక్కలేదు. అందుకే అక్కడ దేవాలయాలూ, తులసి కోటలూ, అడవి అంచు పల్లెలూ నిలిచాయి. 1961 డిసెంబరు 19 దాకా సాగిన ఆ పాలన ఒక్కో ఊరి మీద ఎంతకాలం పడిందన్నది ఆ ఊరి ఇళ్ళలోనే తెలుస్తుంది. కాబట్టి ఆరు రోజులలో రెండే బసలు పెట్టుకోండి: మొదటి మూడు రాత్రులు మాండవి నది మధ్యలో ఉన్న దివార్ దీవిలోనో చోడణ్ దీవిలోనో, తరువాతి రెండు మూడు రాత్రులు దక్షిణాన కెపే లేదా కాణకోణ వైపు. అంతకు మించి ఊళ్ళు మారితే పెట్టెలు సర్దడంతోనే సెలవు గడిచిపోతుంది.

ఇప్పుడు దారి సంగతి. మన పడమటి ప్రాంతం వారికి ఒక సౌకర్యం ఉన్నదని ఒంగోలులోనే చాలామందికి తెలియదు. హౌరా వైపు నుంచి వచ్చి గుంటూరు, నంద్యాల, గుంతకల్లు, హుబ్బళ్ళి మీదుగా వాస్కోడగామా వెళ్ళే అమరావతి ఎక్స్‌ప్రెస్ మార్కాపురం రోడ్డు, గిద్దలూరు స్టేషన్ల మీదుగానే పోతుంది. వారంలో నాలుగు రోజులు నడిచే ఈ రైలు ఏ రోజులలో ఉన్నదో, మీ స్టేషనులో ఎన్ని గంటలకు ఆగుతుందో టికెట్ తీసేటప్పుడు చూసుకోండి. ఒంగోలు వారు పొదిలి మీదుగా బస్సులో మార్కాపురం చేరి ఎక్కవచ్చు. మరునాడు క్యాజిల్ రాక్ దాటిన తరువాత రైలు పడమటి కనుమలు దిగుతూ 310 మీటర్ల ఎత్తు నుంచి పడే దూద్‌సాగర్ జలపాతం ముందు నుంచే వెళుతుంది. వానాకాలంలో ఆ తుంపర కిటికీలోనికి వస్తుంది. పట్టాల మీద నడుచుకుంటూ జలపాతం దగ్గరికి వెళ్ళడం నేరం, ప్రాణాపాయం కూడా. రైలులో నుంచి చూస్తే చాలు. దిగవలసింది మడ్‌గావ్‌లో. రిజర్వేషను ప్రయాణానికి 60 రోజుల ముందు తెరుచుకుంటుంది. వినాయక చవితి రోజులకు వెళ్ళేవారు మొదటి రోజునే టికెట్ తీసుకోవాలి.

నెల్లూరు, కోవూరు, ఆత్మకూరు వైపు వారు సొంత కారులో వెళ్ళదలిస్తే దారి ఇంటి ముందే మొదలవుతుంది. కృష్ణపట్నం ఓడరేవు నుంచి నెల్లూరు, ఆత్మకూరు, బద్వేలు, మైదుకూరు, తాడిపత్రి, గుత్తి, బళ్ళారి, హోసపేట, హుబ్బళ్ళి మీదుగా సాగే 67వ నంబరు జాతీయ రహదారి, సుమారు 770 కిలోమీటర్లు పోయి, గోవా సరిహద్దుకు కొంచెం ఇవతల రామనగర్ దగ్గర ముగుస్తుంది. అక్కడ నుంచి అన్మోడ్ కనుమ దిగితే గోవాలోని మొల్లెం ఊరు. ఒక్క రోజులో ఈ దూరం నడపడానికి పూనుకోవద్దు. హోసపేటలో రాత్రి ఆగితే ఉదయం హంపిలో రెండు గంటలైనా గడపవచ్చు. వానాకాలంలో కనుమదారిలో మట్టిపెళ్ళలు విరిగిపడే అవకాశం ఉంది కనుక చీకటి పడకముందే దిగండి. విమానంలో వెళ్ళేవారు చెన్నై నుంచి వెళ్ళవచ్చు గానీ, గోవాలో రెండు విమానాశ్రయాలు ఉన్నాయని మరచిపోవద్దు. డబోలిం మధ్యలో వాస్కో పక్కన ఉంటే, 2023 జనవరిలో రాకపోకలు మొదలైన మోపా ఉత్తరాన మహారాష్ట్ర అంచున ఉంది. కాణకోణలో బస పెట్టుకుని మోపాలో దిగితే రాష్ట్రం ఈ చివర నుంచి ఆ చివరకు టాక్సీ ఖర్చు మీద పడుతుంది.

బస విషయంలో పల్లె ఇళ్ళలో గదులు ఇచ్చే హోమ్‌స్టేలు చూడండి. రాష్ట్ర పర్యాటక శాఖ వద్ద నమోదై ఉన్నదా అని అడగడంతో మొదలుపెట్టి, ఫోను చేసి నేరుగా మాట్లాడండి. హిందీ, ఇంగ్లీషు రెండూ నడుస్తాయి. పెద్దవారు వెంట ఉంటే గది కింది అంతస్తులోనే ఉన్నదా, మరుగుదొడ్డి గదిలోనే ఉన్నదా, రాత్రి భోజనం ఇంట్లో పెడతారా, వాన రోజులలో కరెంటు పోతే ఏం చేస్తారు అన్న నాలుగు ప్రశ్నలు తప్పక వేయండి. దీవిలో బస అయితే చివరి పంటు ఎన్ని గంటలకన్నది కూడా అడగాలి. పంటు అంటే మన గోదావరిలో మనుషులనూ బండ్లనూ దాటించేదే. అక్కడ ఫెర్రీ అంటారు.

దివార్‌కు పాత గోవా రేవు నుంచీ రైబందర్ నుంచీ పంట్లు నడుస్తాయి. పాత గోవాలో బొమ్ జీసస్ బసిలికానూ, 1986లో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన ఇతర చర్చిలనూ ఉదయం చూసుకుని, మధ్యాహ్నం పంటు ఎక్కితే పది నిమిషాలలోపే వేరే లోకంలో దిగుతారు. రెండు వైపులా వరి, మధ్యలో సన్నని దారి, ఒడ్డంతా మడ అడవి. మొదటి రోజు ఏమీ పెట్టుకోకండి. మరునాడు తెల్లవారుజామున వీధిలో బూరా మోత వినిపిస్తుంది. సైకిలు వెనుక పెద్ద వెదురుబుట్ట కట్టుకుని వచ్చే ‘పొదేర్’, అంటే రొట్టెలవాడు, రబ్బరు బూరా నొక్కుతూ ప్రతి గుమ్మం ముందూ ఒక్క క్షణం ఆగుతాడు. బుట్ట మీద కప్పిన గుడ్డ తీస్తే పొట్టు అంటుకున్న ‘పొయీ’ రొట్టెలు వేడిగా ఉంటాయి. లోపల గాలి నిండి పొంగినదాన్ని చేత్తో నొక్కితే మన పూరీలా కిందికి దిగుతుంది. వాటిని అక్కడికక్కడే కొనండి. ఎనిమిది దాటితే దొరకవు.

ఆ ఉదయం తరువాత ఒక పూట పూర్తిగా ఖజాన్ పొలాలకు కేటాయించమని కోరుతున్నాను. ఈ ప్రయాణం చేయమని చెప్పడానికి అసలు కారణం అవే. సముద్రపు పోటు నది వెంట పైకి వచ్చి ముంచే పల్లపు నేలలను, మడ అడవి నరికి, మట్టితో రాళ్ళతో కట్టలు పోసి, వందల ఏళ్ళ కిందట గోవా రైతులు సాగులోకి తెచ్చారు. కట్టలో ఒక చోట ‘మానస్’ అనే తూము ఉంటుంది. దాని చెక్క తలుపులకు తాళమూ చక్రమూ ఉండవు. పోటు వచ్చినప్పుడు బయటి నీటి ఒత్తిడికి అవే మూసుకుంటాయి. ఆటుకు నది తగ్గగానే పొలంలోని నీరు వాటిని నెట్టుకుని బయటికి పోతుంది. వానలు మొదలై నేలలోని ఉప్పు కడిగిపోయాక, ఉప్పుకు ఓర్చుకునే ‘కొర్గుట్’ వరి వేస్తారు. కోత అయ్యాక ఉప్పునీరు రానిచ్చి చేపనూ రొయ్యనూ పెరగనిస్తారు. ఒకే నేలలో ఆరు నెలలు వరి, ఆరు నెలలు రొయ్య.

మాది కోవూరు దగ్గర పల్లె. గుంటల నుంచి ఉప్పునీరు పక్క మడిలోకి ఊరి వరి ఎర్రబారడం, ఆ మీదట అన్నదమ్ముల మధ్యనే మాటలు ఆగిపోవడం మా చిన్నప్పటి నుంచీ చూస్తున్నాము. అందుకే ఆ తూము దగ్గర నేను చాలాసేపు నిలబడ్డాను. చీకటి పడే వేళకు ఒకాయన వచ్చి, తూము నోటికి పొడవాటి సంచిలాంటి వలను తాళ్ళతో బిగించి, పైన చిన్న దీపం వేలాడదీశాడు. ఆటు మొదలవగానే నీటితోపాటు రొయ్యలు ఆ వెలుతురు వైపు వచ్చి వలలో పడసాగాయి. ఎత్తిన వలలో ఉన్నవి మన గుంటలలో పెంచే వెనామీ రొయ్యలలా ఒకే సైజులో ఉండవు. వేలంతవి, గోరంతవి, మధ్యలో పీతలు, వెండి రంగు చిన్న చేపలు అన్నీ కలిసి ఉంటాయి. అమావాస్య, పౌర్ణమి రోజులలో ఆటుపోట్లు బలంగా ఉంటాయి కనుక, తూము దగ్గర వేట చూడదలచినవారు నీరు నిలిపే కాలంలో, అంటే నవంబరు తరువాత, ఆ తిథులకు సరిపోయేలా రోజులు ఎంచుకోండి. ఆగస్టులో వెళితే అదే చోట వరి చూస్తారు. ఇప్పుడు చాలా చోట్ల కట్టలు తెగి, బాగుచేసేవారు లేక, పొలాలు మడ పొదలపాలవుతున్నాయి. నిలిచి ఉన్నవాటిని మన రైతులు చూసి రావాలి. కట్ట మీద నడిచేటప్పుడు రైతును అడిగి నడవండి, చెప్పులతో మెత్తని చోట తొక్కవద్దు.

పక్షులంటే ఇష్టమున్నవారు రైబందర్ నుంచి పంటులో చోడణ్‌కు దాటి, అక్కడి సలీం అలీ పక్షుల ఆశ్రయానికి ఉదయాన్నే వెళ్ళవచ్చు. నేలపట్టు, పులికాట్ ఎరిగిన మనకు అది చిన్నదే అనిపిస్తుంది గానీ, మడ అడవి మధ్య నడక మాత్రం బాగుంటుంది. మూడో రోజు దివార్ అవతలి రేవు నుంచి నది దాటి నార్వే అనే ఊరికి వెళ్ళండి. కదంబ రాజుల ఇలవేలుపు సప్తకోటేశ్వరుని ఆలయం ఒకప్పుడు దివార్‌లోనే ఉండేది. దాన్ని పడగొట్టాక లింగాన్ని నది దాటించి నార్వేలో నిలిపారు, 1668లో శివాజీ ఆ గుడిని బాగుచేయించాడు. పోండా వైపు మంగేశీ, మార్దోళ్‌లోని మహాలసా, కవళేలోని శాంతాదుర్గా గుళ్ళ చరిత్ర కూడా అలాంటిదే: అప్పటికి పోర్చుగీసులకు దక్కని నేల కనుక దేవతలను అక్కడికి తరలించారు. గుడి ముందు అంతస్తులుగా లేచిన దీపస్తంభాన్ని తప్పక చూడండి. మోకాళ్ళు, భుజాలు కప్పే బట్టలు వేసుకోవాలి.

దక్షిణానికి మారే రోజున దారిలో లోటలీ, చాందోర్ ఊళ్ళు పడతాయి. చాందోర్‌లోని బ్రగాంజా ఇల్లు రెండు భాగాలుగా ఉంది, ఇప్పటికీ ఇంటివారు అందులో నివసిస్తున్నారు. అడిగి లోపలికి వెళ్ళండి, ఇంటి పోషణకు ఇవ్వవలసింది ఇవ్వండి. కెపే వైపు కుశావతి నది ఒడ్డున, ఉస్గళిమళ్ దగ్గర, ఎర్రని లేటరైట్ రాతి మీద ఎద్దులూ లేళ్ళూ సుడిచక్రమూ చెక్కి ఉన్నాయి. ఎండ ఏటవాలుగా పడే ఉదయమో సాయంత్రమో వెళితేనే గీతలు తేటగా కనిపిస్తాయి. మే నెలలో వెళ్ళేవారు సాళావళి జలాశయంలో నీరు తగ్గాక బయటపడే కుర్డీ ఊరు చూడాలి. గాయని మొగుబాయి కుర్డీకర్ ఇంటిపేరు ఆ ఊరిదే. ఏడాదికొకసారి తేలే ఆ గుడి దగ్గరికి ఊరు వదిలిపోయినవారు తిరిగి వస్తారు. సోమశిల ముంపులో ఊరు పోగొట్టుకున్న కుటుంబాలు మన జిల్లాలో ఎన్నో ఉన్నాయి కనుక, అక్కడ మనకు ఎవరూ వివరించి చెప్పనక్కరలేదు. చివరి సాయంత్రం గాల్జీబాగ్ తీరంలో కూర్చోండి. మన సముద్రంలో పొద్దు పొడుస్తుంది, అక్కడ పొద్దు కుంకుతుంది. తాబేళ్ళు గుడ్లు పెట్టే చోటది, కాబట్టి దీపాలు వేయడం, ఇసుక తవ్వడం చేయవద్దు.

తిరగడానికి బండి అద్దెకు తీసుకుంటే నల్లని నంబరు పలక మీద పసుపు అక్షరాలున్న బండినే తీసుకోండి. తెల్ల పలకున్న సొంత బండిని తక్కువకు ఇస్తామని ఒకాయన అంటే మేము తీసుకున్నాము. పోలీసులు ఆపినప్పుడు జరిమానా కట్టింది మేము, ఆయన ఫోను ఎత్తలేదు. లైసెన్సు, హెల్మెట్ తప్పనిసరి. బండి నడపనివారికి ప్రభుత్వం నడిపే కదంబ బస్సులు ఉన్నాయి, పల్లె కూడళ్ళలో ‘పైలట్’ అనే మోటారుసైకిల్ టాక్సీలు ఉన్నాయి. సముద్రంలోకి దిగేవారు ఎర్ర జెండా ఉన్న చోట అడుగు పెట్టవద్దు. తీరంలో బహిరంగంగా తాగడానికీ వంట చేయడానికీ జరిమానా ఉంది.

భోజనానికి, సంచి నిండా పులిహోర, పచ్చళ్ళు మోసుకుపోయి అవే తిని రావద్దు. ‘శీత్ కొడీ’ అంటే అన్నం, చేపల కూర. కొబ్బరి పాలలో ఉడికిన ఆ కూరలో పులుపు చింతపండుది కాదు, కోకం అనే పుల్లని పండు తొక్కలది. మామిడికాయ వేసిన మన నెల్లూరు చేపల పులుసు నాలుకకు అలవాటైన వారికి మొదటి పూట చప్పగా తోస్తుంది, రెండో పూటకు నచ్చుతుంది. అన్నం ‘ఉకడే తాందుళ్’ అనే ఎర్రని ఉప్పుడు బియ్యంతో ఉంటుంది, మన సన్న బియ్యం వేరు, అది వేరు. శాకాహారులు పోండా గుళ్ళ పరిసరాలలో ఇబ్బంది పడరు. కలగూరల ‘ఖత్‌ఖతే’ అడిగి తినండి. వడ్డించినవారికి ‘దేవ్ బరెం కరుం’ అనండి. దేవుడు మేలు చేయుగాక అని దానికి అర్థం. ఆ మాట తెలుగు యాసలో పలికినా వారి ముఖాలు విప్పారతాయి.

తిరిగి వచ్చేటప్పుడు మడ్‌గావ్ సంతలో ఎండు కోకం తొక్కలు పావు కిలో కొనండి. నల్లగా, మెత్తగా, వేలికి కొంచెం జిగురు తగిలేవి మంచివి. గట్టిగా గులకరాయిలా ఉన్నవి పాతవి. ఇంటికి వచ్చాక గాలి చొరని గాజు సీసాలో పెట్టుకుంటే ఏడాది నిలుస్తాయి. సొర పుట్టు మినహా మన చేపల కూరలు దేనిలోనైనా, అర కిలోకు నాలుగు తొక్కల చొప్పున, చింతపండు తగ్గించి వేసి చూడండి.